అడుగు తప్పిన సాయంత్రం

తెగిన బోల్టులు నాలుగూ మేనేజరు బల్ల మీద, పాత దినపత్రిక పరిచి పెట్టి ఉన్నాయి. పంకజాక్షి కూర్చోకుండానే వంగి ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది. బొటనవేలి కంటే లావుగా ఉంది. తెగిన చోట ఎక్కడా తుప్పు లేదు. కొత్త గిన్నె అడుగులా మెరుస్తోంది.

"అందులో చూడ్డానికేముంది మేడం," అన్నాడు తులసీరాం. చిత్తూరు రోడ్డు మీద, చెరుకు తోటల నడుమ ఉన్న వేణుగోపాల చక్కెర మిల్లుకు వర్క్స్ మేనేజరాయన. రెండు రాత్రులు నిద్ర లేని కళ్ళు. "చేసినవాడు ఒప్పుకుని సంతకం పెట్టేశాడు. మీ రిలే బాగానే ఉందని మీరొక ముక్క రాసిస్తే ఇన్సూరెన్సు వాళ్ళకు పంపుతాం. మధ్యాహ్నం బస్సుకు మీరు తిరుపతిలో ఉంటారు."

"ఏం చేశానని ఒప్పుకున్నాడు సార్?"

తులసీరాం విసుగును దిగమింగి చెప్పాడు. మిల్లులో చెరుకు పిప్పి కాల్చి ఆవిరి పుట్టిస్తారు. ఆ ఆవిరి టర్బైనును తిప్పుతుంది, టర్బైను జనరేటరును తిప్పుతుంది. అలా పుట్టిన కరెంటును విద్యుత్ బోర్డు లైనుతో కలుపుతారు. కలిపే ముందు రెండూ ఒకే వేగంతో, ఒకే అడుగు మీద నడుస్తున్నాయా లేదా అని చూసుకోవాలి. అందుకు ప్యానెల్ మీద ఒక ముల్లు ఉంది. రెంటికీ తేడా ఉన్నంతసేపూ అది తిరుగుతూ ఉంటుంది. నెమ్మదించి పైకి వచ్చి నిటారుగా నిలబడిన క్షణంలో స్విచ్ వెయ్యాలి. మంగళవారం సాయంత్రం ఆ పని చేసింది ఆపరేటర్ మునిరత్నం. ముల్లు నిలబడకముందే వేశాడు. ఆ కుదుపుకు టర్బైనుకూ జనరేటరుకూ మధ్య ఉన్న బోల్టులు బీట పడ్డాయి. గంట తరవాత మొత్తం దడదడలాడి తెగిపోయాయి.

"ఇప్పుడతను ఎక్కడున్నాడు?"

"యార్డులో. చెరుకు బండ్లు తూకం వేయిస్తున్నాడు. పోలీసు కేసు వద్దనుకున్నాం, పిల్లలున్నవాడు కదా అని."

బీట పడి గంటసేపు నడిచిన ఇనుము తెగితే, పాత బీట ఒక రంగులోనూ కొత్త తెగుడు ఇంకో రంగులోనూ ఉండాలి కదా అనుకుంది పంకజాక్షి. ఇదంతా ఒకే రంగులో ఉంది. కానీ ఆమె చదివింది ఇనుము చదువు కాదు. బోల్టును తీసినచోటే పెట్టి, పని చూసుకుందామని లేచింది.

కంట్రోల్ రూములో ఎల్లప్ప అప్పటికే టెస్టింగు పెట్టె దించి వైర్లు విప్పుతున్నాడు. పంకజాక్షి బోర్డు రిలే టెస్టింగు విభాగంలో చేరి రెండేళ్ళయింది. ఎల్లప్ప అక్కడ చేరి ఎన్నేళ్ళయిందో అతనికే గుర్తులేదు. పెట్టె మోయడం, వైర్లు బిగించడం, బయటి ఊళ్ళలో ఆమె భోజనం సంగతి చూడడం అతని పనులు. పంకజాక్షి రిలే అద్దం విప్పి, లోపలి అల్యూమినియం చక్రాన్ని వేలితో మెల్లగా నెట్టి చూసింది. అడ్డు లేకుండా తిరిగి, సన్నటి స్ప్రింగు లాగగానే వెనక్కి వచ్చింది. హద్దు మీరిన కరెంటు పారితే ఈ చక్రం తిరగాలి. తిరిగి తిరిగి, చివరనున్న కాంటాక్టును తాకితే స్విచ్ దానంతటదే విడిపోతుంది.

పెట్టె మీది గుండ్రటి పిడిని తిప్పి కరెంటు పెంచి, ఒకచోట నిలిపింది. చక్రం కదిలింది, కాంటాక్టును తాకింది. స్టాప్ వాచి చూసుకుంది. కొంచెం ఎక్కువ కరెంటుతో మళ్ళీ చేసింది. పుస్తకంలో ఎంత రాసుందో అంతే వచ్చింది.

"బంగారం మాదిరి ఉండాది మేడం," అన్నాడు ఎల్లప్ప. "వైర్లు ఇప్పేదా?"

"ఉండు," అంది. ఆ రిలేకు పక్కనే, ప్యానెల్ మీద చదరంగా కోసిన ఒక కంత ఉంది. దాని మీద నాలుగు మరలతో రేకు బిగించారు. రేకుకు వేసిన రంగు ప్యానెల్ రంగు కాదు. ఆ చోటులో ఏముండాలని అనుకున్నారో అని ఒక్క నిమిషం దాని వంకే చూసింది. అడుగుదామంటే అక్కడ ఎవరూ లేరు.

ఆడ ఆఫీసరు వస్తుందని మిల్లులో ఎవరూ అనుకోలేదు. క్యాంటీనులో అందరూ మగవాళ్ళే. వాచ్‌మన్ తటపటాయించి ఆమెను వెనకనున్న క్వార్టర్సుకు తీసుకెళ్ళి, బాయిలర్ దగ్గర పనిచేసే అతని ఇంట్లో దిగబెట్టాడు. ఆ ఇంటావిడ పేరు నాగరత్నమ్మ. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, పీట వేసి, సంగటి ముద్ద, అలసందల పులుసు వడ్డించింది. దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో ఏడాది కూడా నిండని పిల్లాడు పడుకున్నాడు. నాగరత్నమ్మ వడ్డిస్తూనే కాలితో ఉయ్యాలను తోస్తోంది.

"మిషను ఇరిగిందానికి వచ్చినారా అమ్మా?"

"అవునమ్మా. ఆ పొద్దు మీరు ఇంట్లోనే ఉన్నారా?"

"యాడికి పోతాము? ఆ గాలికి తలుపు తెరిసేదానికి లేదు."

వాయుగుండం గాలి. మంగళవారం తిరుపతిలో కూడా రేకులు ఎగిరిపడ్డాయని పంకజాక్షికి గుర్తొచ్చింది. ముద్ద తుంచి పులుసులో అద్దుతూ, పెద్ద ఆలోచన లేకుండానే అడిగింది, "మీ ఇంట్లో లైటు ఎట్లా ఉందప్పుడు?"

నాగరత్నమ్మ గరిటె పట్టుకునే నిలబడిపోయింది. లైటు సంగతి ఆమెను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. "అది సెప్పాలంటే వింతమ్మా. ముందు ఒక్కతూరి కునికింది. దీపం మింద సెయ్యి మూసినట్టు. పోయింది అనుకుంటిమి. పోలేదు, మళ్ళా వచ్చింది. వచ్చింది కుదురుగా ఉన్నిందా? ఊగేదానికి మొదులుపెట్టింది."

"ఊగడమంటే?"

"పెద్దది అయ్యేది, సిన్నది అయ్యేది. పెద్దది, సిన్నది. మా పిల్లోడు దాన్ని సూసి ఒకటే నగడం. ఆడ మిల్లులో దడాదడా అని సప్పుడు, ఈడ ఈడు నగతా ఉండాడు."

పంకజాక్షి చెయ్యి కంచంలోనే ఆగింది. "ఎంత తొందరగా ఊగింది?"

"ఎంతంటే?" నాగరత్నమ్మ కొంచెం ఆలోచించి, కాలితో తోయడం మానేసి, చేత్తో ఉయ్యాల అంచు పట్టుకుంది. "ముందు ఇట్లా," అని మెల్లగా ఊపింది. "పోను పోను ఇట్లా." ఊపు పెరిగింది. పిల్లాడు మేలుకుని ఆమె వైపు అనుమానంగా చూశాడు. "ఆ పైన దడేలుమని ఒక సప్పుడు. అంతే, సీకటి."

"దానికి ముందు, సాయంత్రం మిషనును లైనుతో కలిపినప్పుడు లైటు అదిరిందా?"

"కలిపింది మాకు తెలస్తాదమ్మా. సరిగ్గా కలపకపోతే బల్బు ఎగరతాది. మునిరత్నమన్న డూటీలో ఎగరదు. ఆ పొద్దు కూడా ఎగరలా." గొంతు తగ్గించింది. "అదో, ఆయన ఇంటామె."

పక్కింటి గుమ్మంలో నీళ్ళ బిందె పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంది. ఎప్పటినుంచి వింటోందో. పేరు వరదమ్మ. లోపలికి రమ్మంటే రాలేదు, గడప అవతలే ఉండిపోయింది.

"ఆయప్పే ఒప్పుకున్నాడు కదమ్మా," అంది. "ఇంక లైటు సంగతి ఎందుకు?"

"కలిపేటప్పుడు తప్పు జరిగి ఉంటే లైటు ఒక్కసారి అదిరి ఊరుకుంటుందమ్మా. ఊగదు. ఊగిందంటే అది వేరే జబ్బు." ఎలా చెప్పాలో ఆలోచించింది. "ఒకే రోట్లో ఇద్దరు దంచుతారు కదా. ఒకరి రోకలి లేస్తే ఒకరిది దిగుతుంది. ఆ అడుగు కుదిరినంతసేపు ఇబ్బంది లేదు. మన మిషనూ బోర్డు లైనూ అట్లా నడుస్తాయి. నడుమ అడుగు తప్పిందనుకోండి..."

"రోకళ్ళు గుద్దుకుంటాయి," అంది నాగరత్నమ్మ.

"గుద్దుకుంటూనే ఉంటాయి, ఆపేదాకా."

వరదమ్మ బిందె కింద పెట్టింది. "అడుగు తప్పేదానికి ఎవురు కారణం?"

"అది చూడాలి," అంది పంకజాక్షి, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ.

కంట్రోల్ రూములో ఎల్లప్ప వైర్లు చుట్టేసి, పెట్టె మీద తలపెట్టి కునుకు తీస్తున్నాడు. లేపి, మళ్ళీ బిగించమంది. అతను కళ్ళు నులుముకుని బిగించాడు.

"ఎల్లప్పా, ఉయ్యాల ఊపినావా ఎప్పుడన్నా?"

"ఇద్దురు మనవళ్ళు, ఒక మనవరాలు మేడం. ఊపకుండా ఎట్ల?"

"అయితే జోల పాడు. ముందు నిదానంగా. తరవాత నేను చెప్పినప్పుడు తొందరగా."

ఎల్లప్ప ఆమె ముఖంలోకి చూశాడు. పరిహాసం కాదని అర్థమయ్యాక గొంతు సవరించుకుని, "జో... జో..." అని మొదలుపెట్టాడు. పంకజాక్షి ఆ తూగుకు సరిగ్గా పెట్టె పిడిని అటూ ఇటూ తిప్పసాగింది. కరెంటు లేచేది, పడేది. లేచేది, పడేది. ఆమె కళ్ళు అద్దం వెనక చక్రం మీదే ఉన్నాయి. కరెంటు లేచినప్పుడు చక్రం ముందుకు కదిలింది. పడినప్పుడు స్ప్రింగు దాన్ని కొంచెం వెనక్కి లాగింది. మళ్ళీ ముందుకు, మళ్ళీ కొంచెం వెనక్కి. సంతలో మూట నెత్తిన పెట్టుకుని జనంలో ఇరుక్కున్న మనిషిలా అక్కడక్కడే తచ్చాడింది. పొద్దున నిలకడ కరెంటుతో చకచకా చేరుకున్న కాంటాక్టు ఇప్పుడు దానికి అందడం లేదు. ఎల్లప్ప గొంతు ఎండింది. అయినా ఆపమని ఆమె అనలేదు.

"ఏం జరుగుతోందిక్కడ?"

గుమ్మంలో తులసీరాం. ఎల్లప్ప జోల టక్కున ఆగింది.

"రిలే టెస్టింగు సార్," అంది పంకజాక్షి, పిడి మీదనుంచి చెయ్యి తీయకుండా. "ఇది బాగానే ఉంది. కానీ ఇలా ఊగే కరెంటును ఇది పట్టుకోలేదు. పట్టుకునేలోపల బోల్టులు తెగిపోతాయి. మీ స్విచ్ ఆ రోజు విడిపోలేదు కదూ?"

"లేదు. బోల్టులు తెగాకే... అందుకే కదా తప్పు మనిషిదంటున్నాం."

"ఈ రేకు వెనక ఏముండేది సార్?"

తులసీరాం ఆ కంత వంక ఇప్పుడే చూస్తున్నట్టు చూశాడు. "ఏదో ఉండాలి. స్టోర్లో అడగాలి. మేడం, మీరు రాయాల్సింది ఒక్క ముక్క."

మిల్లు ఫోను నుంచి సబ్‌స్టేషన్‌కు లైను దొరికేసరికి సాయంత్రమైంది. డ్యూటీలో ఉన్నతను తడుముకోకుండానే చెప్పాడు. మంగళవారం గాలికి చింతకొమ్మ ఒకటి విరిగి పంపుసెట్ల లైను మీద పడింది. తీగ మీదే వేలాడి కాలింది. ఆ లైను విడిపోవడానికి కొంచెంసేపు పట్టింది. విడిపోయాక మిగతా లైన్లన్నీ కుదుటపడ్డాయి. మిల్లు లైనులో మాత్రం మీటరు ముళ్ళు పిచ్చిగా ఊగుతుంటే చూశానన్నాడు.

మొదటి కునుకు అదే. కొమ్మ కాలుతున్నంతసేపూ మిల్లు కరెంటు బయటికి పోలేక, ఆవిరి తోసే టర్బైను అడ్డు లేక పరిగెత్తి ఉంటుంది. కొమ్మ పడ్డ లైను విడిపోయాక చూసుకుంటే లైను ఒక అడుగు, మిషను ఒక అడుగు.

తరవాత తిరుపతికి, పై అధికారి గోవిందయ్యకు చేసింది.

"రిలే బాగుందా అమ్మా?"

"బాగుందండీ."

"అయితే రాసిచ్చి వచ్చెయ్."

"బాగుందండీ, కానీ జరిగింది అది చూసుకోవాల్సిన జబ్బు కాదు." అంతా చెప్పింది. ఉయ్యాల సంగతి చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి, అదీ చెప్పింది.

"ఉయ్యాలా?" అన్నాడు గోవిందయ్య. "సరే. రేపు కూడా చూసి రా. రాసేది మాత్రం జాగ్రత్తగా రాయి. అందులో మన లైను పేరు కూడా వస్తుంది."

ఆ రాత్రి ఇంటికి పోయి, మర్నాడు తిరుపతి నుంచి మొదటి బస్సుకే బయల్దేరింది. కొర్లగుంటలో బస్సెక్కింది మొదలు ఆమె తలలో చక్రం అలా ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉంది. మిల్లు గేటు బయట చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా ఆగి ఉన్నాయి. మిల్లు సగం బలంతో నడుస్తోంది. ఇంకో రెండు రోజులైతే చెరుకు ఎండిపోతుందని, బెల్లం గానుగకు తోలుకుపోతామని రైతులు గేటు దగ్గర గొడవ పడుతున్నారు.

యార్డులో తూకం గుడిసె దగ్గర ఒక నడివయసు మనిషి ఎడ్లను వెనక్కి నడిపిస్తున్నాడు. ఖాకీ చొక్కా శుభ్రంగా ఉతికి ఉంది. ఎడ్ల పని అతనికి అలవాటు లేదని చూడగానే తెలుస్తోంది. పగ్గం రెండు చేతులతో, మరీ గట్టిగా పట్టుకున్నాడు.

"మునిరత్నం నువ్వేనా?"

అతను పగ్గం బండివాడికిచ్చి చేతులు దులుపుకున్నాడు. "నేనే మేడమ్మా. మా ఇంట్లో సెప్పింది. ఈ ఎండలో మీరెందుకు వస్తిరి? నేను సంతకం పెట్టేసినాను."

"నువ్వు కలిపినప్పుడు తప్పు జరగలేదు మునిరత్నం. సరిగ్గానే కలిపావు. గంట తరవాత కొమ్మ పడి, లైను కునికి, మిషను అడుగు తప్పింది. బోల్టులు తెగింది అందుకు."

చెప్పి ఆమె ఎదురుచూసింది. ఊపిరి పీలుస్తాడనో, కళ్ళు తుడుచుకుంటాడనో అనుకుంది. అతను కిందపడున్న చెరుకు ఆకును తీసి నిలువునా చీల్చాడు. చీలికను మళ్ళీ చీల్చాడు.

"అడుగు తప్పింది నేను సూసినాను," అన్నాడు.

"చూశావా?"

"ప్యానెల్ ముందరే కూసోని ఉండా కదా. లైటు కునికినాక కరెంటు ముల్లు ఎగిరి పడింది, మళ్ళా ఎగిరింది. నేల కింద ఎవురో గుద్దినట్టు కాళ్ళకు తెలిసింది. ఇదేదో కాని పని అని లేసి స్విచ్ మింద సెయ్యి పెట్టినాను. ఇట్లా." అరచేయి మూసి గాలిలో పట్టుకున్నాడు. ఆ పట్టులో వణుకు లేదు. "తిప్పితే సాలు. మిషను యాడిదాడ నిమ్మళంగా ఉండును."

"మరి?"

"తిప్పలేదు."

బండివాడు కేకేశాడు. మునిరత్నం అటు చూడలేదు.

"పోయినేడు కుప్పయ్య అని ఒకడు ఉన్నె. సప్పుడు తేడాగా ఉండాదని స్విచ్ తీసేసినాడు. మిల్లు అంతా నిలిసిపాయె. తీరా సూస్తే ఏమీ లేదు. ఎవుర్ని అడిగి తీసినావురా అని ఆయప్పను నిలబెట్టి అడిగినారు. మర్నాడు పనిలో లేడు. అప్పుటినించి ఇంజనీరును అడక్కుండా కలిపేది లేదు, తీసేది లేదని ఆర్డరు. ఒక సెయ్యి స్విచ్ మింద పెట్టుకోని, ఇంకో సేత్తో ఫోను ఎత్తినాను. ఆయన ఎత్తలేదు. బాయిలర్ కాడ ఉన్నెంట. మోగతా ఉండాది, మోగతా ఉండాది. కాళ్ళ కింద గుద్దతా ఉండాది. ఆ మోత ఇంటా ఉండగానే తెగిపాయె."

చీలికలన్నీ అతని వేళ్ళ నడుమ నార అయిపోయాయి.

"సాయింత్రం సరిగ్గా కలపలేదని వాళ్ళు అన్న్యాక, నిజమేనేమో అనుకున్నాను. రవంత ముందు ఏసినానేమో. అదైనా, ఇదైనా, నా సేతి కిందనే కదా పోయింది. అందుకని పెట్టినాను సంతకం. మీరు సెప్పండి. నేను తిప్పి ఉంటే నిలిసేదే కదా?"

అబద్ధం చెప్పాలని పంకజాక్షికి అనిపించింది. మనిషి కంటికి ఏది గట్టి దెబ్బో, ఏది ఒక్కసారి ఊగి సర్దుకునేదో తెలియదు, ఆ కొద్ది క్షణాల్లో ఎవరూ చెప్పలేరు అందామనుకుంది. అందులో కొంత నిజం కూడా ఉంది. కానీ అతని చూపు ఆమెనుంచి సగం నిజాన్ని అడగడం లేదు.

"నిలిచేది," అంది.

మునిరత్నం తల ఊపాడు. ఆ మాట చెప్పినందుకు కాస్త తేలికపడ్డట్టే కనిపించాడు.

స్టోరులో గోనెసంచుల కింద చెక్కపెట్టె ఒకటి బయటపడింది. జనరేటరుతో పాటు వచ్చిందే. మేకులు కూడా ఊడదీయలేదు. ఎల్లప్ప గునపంతో మూత లేపాడు. లోపల గడ్డి, మైనపు కాగితం, వాటి నడుమ నల్లటి రిలే. ప్యానెల్‌లో కంతకు సరిగ్గా సరిపోయే కొలత. మిషనును రెండు రోజులు ఆపితే తప్ప వైర్లు కలపడం కుదరదని, ఆ రెండు రోజులు ఏ సీజనులోనూ దొరకలేదని స్టోరు గుమాస్తా చెప్పాడు.

పంకజాక్షి దాన్ని తులసీరాం బల్ల మీద, బోల్టుల పక్కన పెట్టించింది.

"ఏం చేస్తుందిది?" అన్నాడాయన. కోపంగా అడుగుదామనుకున్నాడేమో కానీ, ఆయన కూడా ఇంజనీరే. అద్దంలోంచి లోపలికి తొంగి చూశాడు.

"దీనికి రెండు గీతలుంటాయి సార్. వీధి గేటు ఒకటి, ఇంటి వాకిలి ఒకటి అనుకోండి. లైను మీద కొమ్మ పడిందంటే, ఎవరో రాయి విసిరినట్టు. గేటూ వాకిలీ రెండూ ఒకేసారి దాటేస్తుంది. అది ఇది పట్టించుకోదు, దానికి వేరే రిలేలున్నాయి. అడుగు తప్పడం అలా కాదు. మనిషి నడిచొచ్చినట్టు వస్తుంది. ముందు గేటు, కొంచెం ఆగి వాకిలి. ఆ రెంటి నడుమ ఎంతసేపు పట్టిందో ఇది చూసుకుంటుంది. వాకిలి దాకా వచ్చి వెనక్కి మళ్ళితే ఊరుకుంటుంది. ఇల్లు దాటి పెరటి వైపు నడిచిపోయిందంటే, మిషను పూర్తిగా అడుగు తప్పినట్టు. అప్పుడు స్విచ్ విడగొడుతుంది."

తులసీరాం చూపు రిలే మీదనుంచి బోల్టుల మీదికి మళ్ళింది. "రిపోర్టులో ఈ పెట్టె సంగతి రాస్తారా?"

"రాస్తాను సార్. చింతకొమ్మా రాస్తాను, మా లైను ఆలస్యంగా విడిపోవడమూ రాస్తాను. మునిరత్నం కలపడంలో తప్పు లేదని రాస్తాను. ఫోను సంగతి కూడా."

"ఏ ఫోను?"

చెప్పింది. తులసీరాం కుర్చీలో వెనక్కి వాలాడు. కిటికీ అవతల రైతుల కేకలు వినబడుతున్నాయి.

"ఎట్లాగూ బోల్టులు వచ్చేదాకా మిషను ఆగే ఉంటుంది," అన్నాడు. "ఈ లోపల మీరే దీన్ని బిగించి ఇవ్వండి. అతన్ని రమ్మంటాను. వాడిలాగా కలిపేవాడు నా దగ్గర ఇంకొకడు లేడు, నిజం చెప్పాలంటే."

"ఆ ఆర్డరు?"

"అది ఉంటుంది మేడం. మనుషుల చేతికి ఆ అధికారం ఇస్తే రోజుకొకడు భయపడి తీస్తాడు. ఇదైతే నమ్మొచ్చు."

జవాబు ఆమె నోటిదాకా వచ్చింది. గోవిందయ్యను అడక్కుండా మాట ఇచ్చే అధికారం తనకూ లేదని గుర్తొచ్చింది. రిలేను బిగించడానికైనా ముందు తిరుపతికి ఫోను చెయ్యాలి.

కోయంబత్తూరు నుంచి బోల్టులు ఆదివారం వచ్చాయి. అప్పటికి గోవిందయ్య అనుమతి తీసుకుని, రేకు తీసేసి, కంతలో రిలే కూర్చోబెట్టి, వెనక వైర్లన్నీ కలిపి అయింది. వైర్లు కలపడంలో మునిరత్నమే ఎల్లప్పకు సాయం పట్టాడు. ఒక్కో వైరు దేనికో అడిగి, తెలిసేదాకా రెండోది ముట్టుకోలేదు. గేటూ వాకిలీ అతనికి వెంటనే అర్థమయ్యాయి. పెరటి వైపు పోవడం దగ్గర మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"వాకిలి కాడికొచ్చి వెనక్కి పోతే గమ్మునుంటాది. అంటే, రవంత బెదిరి సర్దుకున్నదాన్ని ఇది తియ్యదు."

"తియ్యదు."

"నా మాదిరి మనిషికి ఆ తేడా తెలీదు. అది మాత్రం దీని గొప్పే," అన్నాడు ఒప్పుకుంటూ.

సోమవారం మధ్యాహ్నం ఆవిరి వదిలారు. టర్బైను కూత పెరిగి ఒక స్థాయిలో నిలబడింది. మునిరత్నం ప్యానెల్ ముందు నిలుచున్నాడు. ముల్లు తిరుగుతూ వచ్చి, పైకి ఎక్కి, దాటిపోయింది. వదిలేశాడు. రెండోసారి ఇంకా మెల్లగా వచ్చింది. అదీ వదిలేశాడు. వెనకాల తులసీరాం గడియారం చూసుకున్నాడు. మూడోసారి ముల్లు నిద్రలో నడిచినట్టు పైకి వచ్చింది, సరిగ్గా నిలబడబోయే ముందు మునిరత్నం చెయ్యి తిరిగింది. స్విచ్ పడిన చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. తలమీది బల్బు రెప్ప కూడా కొట్టలేదు.

"ఇప్పుడు పరీక్ష," అంది పంకజాక్షి. మిల్లు వాడే కరెంటు బరువంతా బోర్డు లైను మీదకు మళ్ళించి, టెస్టింగు పెట్టెను కొత్త రిలేకు తగిలించింది. పిడి మీద చెయ్యి వేసి, అడుగు తప్పిన మిషను ఎలా నడిచొస్తుందో అలా, ముందు గేటు దాకా తెచ్చింది. రిలే లోపల చిన్న టిక్కు. ఒక్క క్షణం ఆగి వాకిలి దాకా తెచ్చింది. ఇంకో టిక్కు. అక్కడినుంచి వెనక్కి మళ్ళించింది. ఏమీ జరగలేదు. తులసీరాం ముందుకు జరిగి ప్యానెల్ పక్కన నిలబడ్డాడు. పంకజాక్షి మళ్ళీ మొదటినుంచి నడిపించి, ఈసారి ఇల్లు దాటించి పెరటి వైపు తీసుకుపోయింది.

ధన్ మని స్విచ్ విడిపోయింది. స్విచ్ కలిసి ఉందని చూపే ఎర్ర దీపం ఆరి, విడిపోయిందని చూపే పచ్చ దీపం వెలిగింది. రిలే పనిచేసిందనడానికి గుర్తుగా దాని మీద చిన్న జెండా ముక్క కిందికి పడింది. అవతల మిషను, బరువు తప్పినా, వేగాన్ని అదుపులో ఉంచే గవర్నరు సర్దగానే నిమ్మళంగా తన పాటికి తాను తిరుగుతోంది.

"భేష్," అన్నాడు తులసీరాం. ఇంకోసారి చేసి చూపించమన్నాడు. మునిరత్నం మళ్ళీ కలిపాడు. ఆమె మళ్ళీ నడిపించింది. మళ్ళీ ధన్ మంది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వి, ఆపరేటరు భుజం తట్టి, గేటు దగ్గర రైతులకు కబురు చెప్పడానికి వెళ్ళిపోయాడు.

ఎల్లప్ప వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. మునిరత్నం మాత్రం రిలే అద్దానికి దగ్గరగా వంగి, లోపలి సన్నటి పుల్లలనూ చుట్టలనూ చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపులో ఈర్ష్యలాంటిదేమీ లేదు. కొత్తగా ఊళ్ళోకి వచ్చిన మనిషి సంగతి తెలుసుకోవాలన్న ఆసక్తి మాత్రం ఉంది.

"మేడమ్మా," అన్నాడు. "ఒకటి అడగతాను, తప్పుగా అనుకోవద్దు. ఇది ఎవుర్నీ అడక్కుండానే తీసింది కదా. ఒక దినం ఊరికే తీసిందనుకోండి. దీన్ని ఎవురన్నా నిలబెట్టి అడగతారా, ఎందుకు తీసినావు అని?"

పంకజాక్షి మూత బిగించే మరను వేళ్ళ మధ్య పట్టుకుని ఆలోచించింది. ఊరికే తీసిందంటే తనలాంటివాళ్ళను పిలుస్తారు. తను వచ్చి, దీన్ని విప్పి, ఎక్కడ తేడా వచ్చిందో చూసి, సరిచేసి, మళ్ళీ ఇదే చోట కూర్చోబెట్టి పోతుంది.

"అడగరు," అంది.

"అదే అనుకున్నాను," అన్నాడు మునిరత్నం.

పడిపోయిన జెండా ముక్కను వేలితో పైకి నెట్టాడు. టర్బైను కూత విన్నాడు. మిషనును మళ్ళీ లైనుతో కలపాలి. ముల్లు అప్పటికే మెల్లగా పైకి వస్తోంది. అతను దాని వంకే చూస్తూ, ఇంజనీరు అనుమతి కోసం ఫోను ఎత్తాడు.